హాల్‌కి వెచ్చని లేత రంగు ఎలా ఎంచుకోవాలి: షేడ్ కార్డు కంటే ముందు మీ గోడ చూడండి

పెయింట్ షాపుకెళ్ళి "లైట్ కలర్ ఏదైనా చూపించండి, క్రీమ్ లాంటిది" అంటే చాలు, ఇంత లావు షేడ్ కార్డు తెచ్చి కౌంటర్ మీద పెడతారు. అందులో క్రీమ్ లాంటివే బోలెడుంటాయి, అన్నీ ఒకేలా కనబడతాయి, పది నిమిషాలకి కళ్ళు అలిసిపోయి ఏదో ఒకదాని మీద వేలు పెట్టేసి వచ్చేస్తాం. మేమూ అలాగే పెట్టాం. కార్డు మీద మీగడలా ఉన్న రంగు మా హాల్ నాలుగు గోడలకీ పడేసరికి ఉడికించిన పెసరపప్పు పూసినట్టు అయ్యింది. పెయింటర్ తప్పేం లేదు, షాపు వాళ్ళూ మేం చెప్పిన కోడే కలిపిచ్చారు. షాపు ట్యూబ్‌లైట్ కింద అగ్గిపెట్టెంత కాయితం ముక్క చూసి నాలుగు వందల ఎస్‌ఎఫ్‌టీ గోడకి రంగు తేల్చేయడమే అసలు తప్పు. ఆ హాల్‌తో మూడేళ్ళు గడిపి, రెండోసారి వేయించేటప్పుడు మాత్రం నెల రోజులు ఓపిగ్గా చూసి తేల్చుకున్నాం. ఆ పద్ధతే ఇక్కడ వరసగా చెప్తున్నా, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఒక్క మాట అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. మన ఇళ్ళల్లో పండక్కి వెల్ల వేసేటప్పుడు సున్నంలో కాస్త నీలిమందు కలిపేవాళ్ళు గుర్తుందా? సున్నంలో ఉండే పసుపు ఛాయని ఆ నీలం చంపేస్తుంది, గోడ తళతళా తెల్లగా, చల్లగా కనబడుతుంది. మనకి కావలసిన వెచ్చని లేత రంగు సరిగ్గా దానికి ఎదురు. తెలుపులో నీలం బదులు రవ్వంత పసుపు, రవ్వంత ఎరుపు పడతాయి. షాపులో మెషిన్ చేసేది కూడా ఇదే, తెల్ల బేస్ డబ్బాలో ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, బ్లాక్ లాంటి స్టెయినర్లు కొలిచి చుక్కలు చుక్కలుగా వేస్తుంది. పసుపు, ఎరుపు వెచ్చదనం ఇస్తాయి, నలుపు ఆ రంగు మరీ కొట్టొచ్చినట్టు కనబడకుండా అణిచిపెడుతుంది. ఈ మూడింటి పాళ్ళు మారితేనే ఐవరీ, క్రీమ్, బిస్కెట్, బీజ్, గ్రేజ్ (బూడిద కలిసిన బీజ్) అని రకరకాల పేర్లు పుడతాయి. పేర్లని అస్సలు నమ్ముకోవద్దు, ఒక కంపెనీ ఐవరీ ఇంకో కంపెనీకి క్రీమ్ అవుతుంది, కోడ్ ఒక్కటే లెక్క.

మొదటి పని: మారనివి ఏంటో చూసుకోండి

గోడ రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఫ్లోరింగ్ మార్చలేం కదా. అందుకని షాపుకి వెళ్ళే ముందు ఇంట్లో కింద ఏముందో చూడండి, ఎందుకంటే కిటికీలోంచి వచ్చే వెలుగు ముందు నేల మీద పడి, అక్కడి రంగు పట్టుకుని గోడ మీదకి లేస్తుంది. ఐవరీ విట్రిఫైడ్ టైల్స్ ఉంటే ఆ వెలుగులో ఇప్పటికే పసుపు ఉంటుంది, దాని పైన మళ్ళీ పసుపు ఎక్కువున్న క్రీమ్ వేస్తే రెట్టింపవుతుంది (మా ఇంట్లో జరిగిందిదే). అక్కడ పసుపు తక్కువుండి కాస్త బూడిద కలిసిన రంగులు బాగుంటాయి. తాండూరు నీలం బండలున్న పాత ఇళ్ళల్లో దీనికి ఎదురు, ఆ రాయి నీలి బూడిద రంగు, గది చల్లగా కనబడుతుంది కాబట్టి గోడకి కొంచెం ఎరుపు కలిసిన లేత రంగు, అంటే గంధంలో పాలు కలిపినట్టుండేది వేస్తే ఇల్లు ఒక్కసారిగా కళ తిరుగుతుంది. కడప నల్లరాయి ఉంటే అది వెలుగుని మింగేస్తుంది, గోడ ఎంత లేతగా ఉంటే అంత మంచిది. బూడిద గీతలున్న తెల్ల మార్బుల్ మీద గట్టి పసుపు క్రీమ్ పెడితే మార్బుల్ మురికిగా, గోడ పాతబడినట్టుగా కనబడతాయి, రెండూ పాడవుతాయి.

తర్వాత తలుపులు. టేకు తలుపులు, దర్వాజాలు పాలిష్ చేసి ఉంటే వాటిలో నారింజ ఛాయ ఉంటుంది, ఏ వెచ్చని లేత రంగైనా వాటితో కలిసిపోతుంది, అందులో మన ఇళ్ళు అదృష్టవంతమైనవి. వుడ్‌వర్క్ అంతా తెల్ల లామినేట్ అయితే మాత్రం జాగ్రత్త, ఆ చల్లటి తెలుపు పక్కన క్రీమ్ గోడ పసుపెక్కినట్టు కనబడుతుంది. సోఫా, కర్టెన్లు తర్వాత చూసుకోవచ్చు, కానీ కొత్తవి కొనే ఆలోచన లేకపోతే వాటిని కూడా మారని లిస్టులోనే వేసుకోండి.

రెండో పని: ఏ గదికి ఏ వెలుగు వస్తుందో రాసుకోండి

తూర్పు కిటికీ ఉన్న గదికి పొద్దున బంగారు రంగు ఎండ వస్తుంది, పది పదకొండు దాటాక నీడే. పడమర గది మధ్యాహ్నం దాకా డల్‌గా ఉండి, మూడు దాటాక ఎర్రగా మండుతుంది, అక్కడ మామూలు క్రీమ్ కూడా సాయంత్రానికి నారింజ రంగులోకి తిరుగుతుంది. దక్షిణం గదికి చలికాలంలో ఎండ లోపలి దాకా వస్తుంది. ఉత్తరం గదిలో వెలుగు రోజంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది గానీ అది ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుగు, గోడలు చల్లగా కనబడతాయి, వెచ్చని రంగు అవసరం ఎక్కువగా ఉండేది ఆ గదికే. మనకి ఇందులో ఒక తేడా ఉంది, హైదరాబాద్ దగ్గర మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ రోజుల్లో ఉత్తరం కిటికీలోంచి కూడా ఉదయం సాయంత్రం ఎండ తగులుతుంది. అందుకని ఎండాకాలంలో చూసి ఉత్తరం గదికి రంగు తేల్చేస్తే డిసెంబర్‌లో అదే గది ఇంకోలా ఉంటుంది. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే ఉంటాడు, ఉత్తరం గదులు అక్కడ ఇంకా చల్లగా ఉంటాయి, కాబట్టి ఇక్కడ మీ అమ్మగారింట్లో బాగున్న రంగు అక్కడ అలాగే వస్తుందని అనుకోవద్దు.

దిక్కు ఒక్కటే చూస్తే సరిపోదు, కిటికీ బయట ఏముందో చూడాలి. అపార్ట్‌మెంట్లలో ఇది చాలామంది వదిలేస్తారు. మా చిన్న బెడ్‌రూమ్ కిటికీకి ఆరడుగుల దూరంలో పక్క బిల్డింగ్ గోడ, దానికి చిలకపచ్చ రంగు. పొద్దున పదింటికి ఎండ ఆ గోడ మీద పడగానే మా గదిలో గోడ, మంచం మీద దుప్పటి, చివరికి మన చేతులు కూడా లేత ఆకుపచ్చగా మారిపోతాయి. అక్కడ పసుపు కలిసిన క్రీమ్ పెట్టి చూస్తే నిమ్మకాయ రంగు అయ్యింది, కొంచెం పీచ్ కలిసిన షేడ్ పెట్టి చూస్తే ఆకుపచ్చ తేలిపోయి చక్కగా మీగడ రంగు వచ్చింది. ఎరుపు ఛాయ ఆకుపచ్చని అణిచేస్తుంది, అంతే కిటుకు. కిటికీ ముందు వేపచెట్టో మామిడిచెట్టో ఉన్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

మూడోది: లోపల దాక్కున్న ఛాయని పట్టుకోవడం

ఇప్పుడు షాపుకి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఒక తెల్ల ఏ4 కాయితం తీసుకెళ్ళండి. నచ్చిన షేడ్‌ని ఆ కాయితం మీద పెట్టి చూడండి, విడిగా చూస్తే తెల్లగానే ఉన్న రంగు కాయితం పక్కన పెట్టగానే గులాబీగానో, పసుపుగానో, ఆకుపచ్చగానో బయటపడుతుంది. రెండో ఉపాయం, షేడ్ కార్డులో చాలావరకు ఒకే పట్టీ మీద లేత నుంచి ముదురు దాకా ఉంటాయి, మీకు నచ్చిన లేత రంగు కింద ఉన్న ముదురు రంగు చూడండి. అది ఆవపిండి రంగైతే మీ లేత రంగులో పసుపుంది, ఇటుక రంగైతే ఎరుపుంది, ఎండిన కరివేపాకులా ఉంటే ఆకుపచ్చ ఉంది. గదికి నాలుగు వైపులా వేశాక బయటికొచ్చేది ఈ ముదురు ఛాయే. ఆ పట్టీ పట్టుకుని షాపు బయట నీడలోకి వచ్చి చూడండి, లోపలి లైట్ల కింద ఎంపిక చేయొద్దు.

కార్డు వెనకో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో ఎల్‌ఆర్‌వీ అని ఒక నంబర్ ఉంటుంది కొన్నిటికి, ఆ రంగు ఎంత వెలుగుని తిరిగి ఇస్తుందో చెప్పే లెక్క అది, నల్లటి నలుపుకి 0, తెల్లటి తెలుపుకి 100. వెచ్చని లేత రంగులు ఎక్కువగా 70 నుంచి 85 మధ్యలో ఉంటాయి. వెలుగు తక్కువున్న హాల్, నడవా లాంటి చోట 75 పైన చూసుకోండి. పడమర ఎండ తగిలే పెద్ద గదికి 65, 70 అయినా బాగానే ఉంటుంది, పైగా కళ్ళు జిగేలుమనవు. అలాగని ఎల్‌ఆర్‌వీ ఎక్కువుంటే చీకటి గది వెలిగిపోతుందనుకోవద్దు, వెలుగే రాని గదిలో తెల్ల రంగు కూడా బూడిదగానే ఉంటుంది, అలాంటి గదికి కాస్త రంగున్న షేడే నయం.

ఇలా చూసి మూడంటే మూడు షేడ్స్ తెచ్చుకోండి, ఎక్కువ తెచ్చుకుంటే బుర్ర పాడవుతుంది. ఒకటి పసుపు వైపు, ఒకటి ఎరుపు వైపు, ఒకటి బూడిద కలిసినది. రెండు షేడ్స్ మధ్య తేల్చుకోలేకపోతే లేతది తీసుకోండి, నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద వేసుకుంటాయి కాబట్టి గదిలో ఏ రంగైనా కార్డు మీద కంటే చిక్కగానే కనబడుతుంది.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: చార్టు పరీక్ష

ఈ ఒక్క పని చేసి మిగతావన్నీ వదిలేసినా ఫరవాలేదు. చాలామంది పెయింటర్‌తో గోడ మీదే మూడు పట్టీలు పక్కపక్కన వేయించి చూస్తారు, దాంట్లో ఇబ్బంది ఏంటంటే చుట్టూ పాత రంగు ఉంటుంది, పాతది నీలం అయితే కొత్త క్రీమ్ ఉన్నదానికన్నా పసుపుగా అనిపిస్తుంది, పైగా మూడు పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ఉండేసరికి కన్ను వాటిని ఒకదాంతో ఒకటి పోల్చుకుంటుంది తప్ప గదితో పోల్చుకోదు. దాని బదులు పిల్లల ప్రాజెక్టులకి కొనే మందపాటి తెల్ల చార్టులు ఆరు తెచ్చుకోండి, షేడ్‌కి రెండు చొప్పున. ఒక్కో షేడ్ చిన్న శాంపిల్ డబ్బా దొరికితే అది, లేదంటే లీటర్ డబ్బా కలిపించండి, మిగిలింది అటకలకో అల్మరా లోపలికో పనికొస్తుంది. చార్టుకి ముందు ప్రైమర్ (రంగు కింద వేసే తెల్ల పూత) ఒక చెయ్యి, ఆరాక రోలర్‌తో పెయింట్ రెండు చేతులు, చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలేయండి, ఆ అంచు పాత గోడ రంగుని దూరం పెడుతుంది. పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద ఎమల్షన్ (నీళ్ళతో కలిపే గోడ పెయింట్) లేతగా కనబడుతుంది, ఆరాక కొంచెం చిక్కబడుతుంది, తడి రంగు చూసి నిర్ణయం తీసుకోవద్దు.

ఇప్పుడు ఒక షేడ్ చార్టు మాత్రమే టేపుతో గోడకి పెట్టండి, మిగతా రెండూ కనబడకుండా దాచేయండి. మొదటి రోజు కిటికీకి ఎదురు గోడ మీద, రెండో రోజు కిటికీ ఉన్న గోడ మీద. కిటికీ ఉన్న గోడ మీద వెలుగు నేరుగా పడదు కాబట్టి ఏ రంగైనా అక్కడ ముదురుగా, కాస్త మురికిగా ఉంటుంది, అక్కడ కూడా బాగుందంటే ఆ షేడ్ గట్టిదన్నమాట. తర్వాత అదే షేడ్ రెండు చార్టులూ గది మూలలో పుస్తకం తెరిచినట్టు ఒకదానికొకటి ఎదురుగా పెట్టండి. ఆ మూలలో రంగు ఎంత చిక్కబడుతుందో చూడండి, గది మొత్తం వేశాక మీకు కనబడబోయేది ఇంచుమించు అదే. మేము మొదటిసారి ఇది చేసుంటే ఆ పెసరపప్పు రంగు అక్కడే దొరికిపోయేది. మూడో రోజు చార్టుని నేలకి ఆనించి టైల్ పక్కన, తర్వాత తలుపు చెక్క పక్కన, సోఫా వెనక.

రోజుకి నాలుగుసార్లు చూడండి, పొద్దున ఏడింటికి కాఫీ తాగుతూ, మధ్యాహ్నం, సాయంత్రం ఐదింటికి, రాత్రి లైట్లు వేశాక. ఫోన్‌లో ఫొటో తీసి చూడటం వద్దు, కెమెరా దానంతటదే రంగు సరిచేసేస్తుంది. వాట్సాప్‌లో అక్కకో వదినకో పంపి అభిప్రాయం అడగడం కూడా అందుకే దండగ, వాళ్ళని ఇంటికి పిలిచి చూపించండి.

రాత్రి చూసేటప్పుడు బల్బు సంగతి తేల్చుకోండి. కెల్విన్ అంటే వెలుగు ఛాయ చెప్పే కొలత, నంబర్ పెరిగేకొద్దీ వెలుగు నీలి వైపు పోతుంది. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేది 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ, డబ్బా మీద కూల్ డేలైట్ అని రాసుంటుంది. ఆ నీలి తెలుపు కింద వెచ్చని రంగు చచ్చిపోతుంది, బీజ్ బూడిదవుతుంది, పసుపు క్రీమ్ కొంచెం ఆకుపచ్చ కొడుతుంది. వేలకి వేలు పోసి వెచ్చని రంగు వేయించి పైన ఆ లైటు పెట్టుకుంటే పగలే తప్ప రాత్రి ఆ రంగు మీకు దక్కదు. 3000 కెల్విన్ వార్మ్ వైట్ కింద రంగు నిండుగా ఉంటుంది గానీ పసుపున్న క్రీమ్ మరీ పసుపెక్కుతుంది. మేము హాల్‌కి 4000 దగ్గర ఆగాం, చదువుకోవడానికీ సరిపోతోంది, గోడా బాగుంటోంది. పెయింట్ తేల్చేముందే బల్బు మార్చి చూడండి, రెండు బల్బుల ఖర్చుతో పోతుంది.

సీలింగ్, ఫినిష్

సీలింగ్‌కి మామూలుగా బ్రిలియంట్ వైట్ వేసేస్తారు, అందులో నీలి తెలుపు ఉంటుంది, దాని పక్కన మీ వెచ్చని రంగు పాతబడిన గోడలా అనిపించొచ్చు. మీ షేడ్‌లోనే స్టెయినర్లు పావు వంతు వేసి కలిపిమ్మని షాపులో అడగండి, చాలా చోట్ల కలిపిస్తారు. లేదంటే నీలం లేని ఆఫ్ వైట్ ఏదైనా తీసుకోండి. తెల్లగా పెయింట్ చేసిన తలుపులు, గ్రిల్స్ ఉంటే ఆయిల్ ఎనామిల్ వద్దు, వెలుగు తగలని చోట ఏడాది రెండేళ్ళకి అది పసుపెక్కుతుంది, నీళ్ళతో కలిపే ఎనామిల్ తీసుకోండి.

ఫినిష్ అంటే గోడ ఎంత మెరుస్తుందనేది, ఆ విషయంలో నేను మెరుపు లేని మ్యాట్ వైపే. నున్నగా మెరిసే షీన్ వేస్తే కిటికీ పక్కనుంచి వచ్చే వెలుగులో లప్పం పట్టిన గీతలు, ఎత్తుపల్లాలు అన్నీ కనబడతాయి, లేత రంగులో మరీను. కానీ మన ఇళ్ళ సంగతి మనకి తెలుసు కదా, దివాన్ కాట్ వెనక నూనె తలలు ఆనించిన చోట గోడ మీద గుండ్రంగా మరక పడుతుంది, స్విచ్‌బోర్డుల చుట్టూ పిల్లల వేళ్ళు, వంటింట్లో తిరగమోత జిడ్డు, దేవుడి గూట్లో దీపం మసి, పసుపు కుంకుమ చేతులు. కాబట్టి మ్యాట్‌లోనే కడగడానికి వీలున్నది అడగండి, ధర ఎక్కువే, హాల్‌కి మాత్రం పెట్టొచ్చు. వంటింటికి, పూజ గదికి సాఫ్ట్ షీన్ తీసుకోండి, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అదే షేడ్ కోడ్ అయినా మ్యాట్‌లో ఒకలా, షీన్‌లో ఒకలా కనబడుతుంది, చార్టు పరీక్ష కూడా మీరు కొనబోయే ఫినిష్‌తోనే చెయ్యండి.

గోడ సిద్ధం చేయడం, కొనడం

లేత రంగు కింద ఏ తప్పూ దాగదు. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు క్యూరింగ్ అయి ఆరాలి. చెమ్మ ఉంటే ముందు అది ఎక్కడినుంచి వస్తుందో చూసి ఆపాలి, బాత్రూమ్ వెనక గోడ, టెర్రస్ కింద సీలింగ్, కోస్తా ఊళ్ళల్లో అయితే సముద్రం గాలి తగిలే గోడలు. చెమ్మ మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా ఒక్క వానాకాలంలో పొక్కులొచ్చి పసుపు చారలు పడతాయి. పాత గోడ ముదురు రంగైతే ప్రైమర్ మానొద్దు, "రెండు చేతులు వేస్తే కప్పేస్తుంది మేడమ్" అంటారు, కప్పదు, కింది ఆకుపచ్చో నీలమో పైకి తొంగిచూసి మీ షేడ్ మారిపోతుంది.

లెక్క ఇలా వేసుకోండి. గది 12 బై 11 అడుగులు, ఎత్తు 10 అయితే చుట్టుకొలత 46 అడుగులు, గోడలు 460 ఎస్‌ఎఫ్‌టీ. తలుపు 3 బై 7, కిటికీ 4 బై 4 తీసేస్తే దాదాపు 423. లప్పం, ప్రైమర్ అయిన గోడకి లీటర్ ఎమల్షన్ రెండు చేతులకి సుమారు 120 ఎస్‌ఎఫ్‌టీ వస్తుందనుకుంటే మూడున్నర లీటర్లు, అంటే 4 లీటర్ల డబ్బా ఒకటి చాలు. కంపెనీని బట్టి, గోడని బట్టి ఇది మారుతుంది, డబ్బా మీద రాసింది చూసుకోండి. ఒక హాల్‌కి కావలసిందంతా ఒకేసారి కొని ఒకే బ్యాచ్ నంబర్ ఉందో లేదో చూడండి, రెండు డబ్బాలైతే పెద్ద బకెట్‌లో రెండూ కలిపేసి వాడమని పెయింటర్‌కి చెప్పండి, లేకపోతే ఒక గోడకీ ఇంకో గోడకీ తేడా తెలిసిపోతుంది. నీళ్ళు ఎంత కలుపుతున్నారో కూడా దగ్గరుండి చూడండి, ఎక్కువ కలిపితే లేత రంగు గోడ మీద మచ్చలు మచ్చలుగా తేలుతుంది.

పనయ్యాక మిగిలిన పెయింట్ చిన్న స్టీల్ డబ్బాలో కాకుండా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మీద కంపెనీ పేరు, షేడ్ కోడ్, బేస్, ఫినిష్, బ్యాచ్, నెల, ఏ గదో మార్కర్‌తో రాసి పెట్టుకోండి. అవే వివరాలు అటక తలుపు లోపలి వైపు కూడా రాసి ఉంచండి, డబ్బా పోయినా అది ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత సోఫా జరిపినప్పుడు గీసుకుపోయిన చోట చిన్న బ్రష్‌తో అద్దుకోవాలంటే ఆ రంగే కావాలి, దగ్గరగా ఉన్న ఇంకో క్రీమ్ తెచ్చి అద్దితే మరకలా తెలిసిపోతుంది.